నాలుగో గరిటె

యన్‌సిల్ భర్త సంచి సర్దుతోంది. ఎంత ఉతికినా నలుపు వదలని తువ్వాలు, రబ్బరు బూట్లలో తొడుక్కోవడానికి రెండు జతల ముతక మేజోళ్లు, బార్లీ నీళ్ల సీసా. అన్నం డబ్బా చివర పెట్టాలి. అది ఒరగకుండా పైన చోటు చూసి ఉంచింది.

కంపెనీ వరస ఇళ్లలో రెండు గదులకు ఒక వంటిల్లు. పక్క గది దక్‌సిమ్‌ది. ఆమె పొయ్యి దగ్గర గొంతుక్కూర్చుని, కాలిపోయిన బొగ్గుదిమ్మను పట్కారుతో తీసి కొత్తది దించుతోంది. పై దిమ్మ చిల్లులు కింది దిమ్మ చిల్లులతో కలవాలి. కలవకపోతే మంట రాదు, పొగ వస్తుంది. ఆమె చేతులు ఆ పని మీద ఉన్నాయి గాని, చూపు యన్‌సిల్ పట్టుకున్న చెక్క గరిటె మీద ఉంది.

బార్లీ కలిపి వండిన అన్నం. ఒక గరిటె. రెండు. మూడోది నిండుగా తీసి డబ్బాలో వేసి, గరిటె వీపుతో అదిమింది యన్‌సిల్. అదిమి, మళ్లీ కుండవైపు చూసింది.

"చాలు," అంది దక్‌సిమ్.

"ఆ మనిషికి ఏ మూలకి అక్కా ఇది? మా దీవిలో పడవ మీదకెళ్లేవాడికి ఇంతకి రెండింతలు పెడతాం."

"పడవ వేరు. కావాలంటే మూడూ పెద్దవి వెయ్యి. నాలుగోసారి మాత్రం చెయ్యి కుండలోకి పోకూడదు."

యన్‌సిల్ గరిటె కుండ మీద అడ్డంగా పెట్టేసింది. అన్నం మీద ముల్లంగి ముక్కలు సర్దుతూ, "మా ఊళ్లో నాలుగు గంపల నాచు తీశామంటే ఆ పూట పండగ. మీ ఊళ్లో నాలుగు అనకూడదు, ఈల వెయ్యకూడదు, ఎలకని కొట్టకూడదు. ఊపిరైనా తియ్యొచ్చో లేదో ఇప్పుడే చెప్పెయ్," అంది.

"తియ్యి. చప్పుడు కాకుండా."

గదిలోంచి మన్‌సోక్ నవ్వాడు. వంగితే గాని ఆ ఇంటి గుమ్మం దాటలేని మనిషి. దక్షిణపు దీవుల నుంచి పెళ్లాన్ని తీసుకుని ఈ లోయకు వచ్చి ఏడాది కాలేదు. గనిలో కప్పు కింద దుంగలు నిలబెట్టే పని అతనిది. తలుపు దగ్గర కూర్చుని బూట్లు తొడుక్కుంటూ దక్‌సిమ్‌ను ఆటపట్టించడం అతనికి రోజూ ఉన్నదే.

"అక్కా, గనిలో మూడో సొరంగం ఉంది, ఆ పక్కన అయిదోది ఉంది. నాలుగని రాస్తే ఎవడూ దిగడని కంపెనీవాళ్లు నాలుగు ఎగరేశారు. నేను పని చేసేది అయిదులో. లెక్కపెడితే అది ఎన్నోది?"

"నోరు మూసుకుని బయల్దేరు."

"బోర్డు మార్చారు, సరే. బండకి బోర్డు చదవడం రాదుగా."

దక్‌సిమ్ పొయ్యిలోకి మూడుసార్లు తుప్పుతుప్పుమని ఉమ్మింది. మన్‌సోక్ ఇంకా నవ్వుతూనే, బండ సంగతి తనకు తెలియదనీ, దుంగల సంగతి మాత్రం తెలుసుననీ అన్నాడు. మూసేసిన పాత సొరంగంలోంచి పీకిన దుంగలే మళ్లీ ఇస్తున్నారట. గోరు పెడితే గోరు దిగుతోందట. సెక్షన్ అధికారి ఛో గారికి చెబితే, ఈ నెలకి వాటితో సర్దుకోమన్నారట. సర్దుకుంటున్నాం అని చెప్పి బూటు నేలకేసి తట్టాడు.

యన్‌సిల్ డబ్బాను నీలం గుడ్డలో కట్టి, ముడి గట్టిగా బిగించి, సంచిలో పెట్టి అందించింది. వరస ఇళ్ల మధ్య సందులో మగవాళ్లు నడిచి వెళ్తున్నారు. వాళ్లందరూ వంతెన దాటేదాకా ఆడవాళ్లెవరూ గుమ్మం బయట కాలు పెట్టరు. యన్‌సిల్ లోపలే నిలబడి, భర్త విడిచిన చెప్పుల్ని గదివైపు మళ్లించి జతగా పెట్టింది. వెళ్లిన మనిషి ఇంటివైపే నడిచి రావాలని. అదీ దక్‌సిమ్ నేర్పిందే.

దక్‌సిమ్ బడికి పోలేదు. ఆ గది గోడలకు అంటించిన పాత పేపర్ల మీద చదువుకుంది. మొదట మన కొరియా అక్షరాలు, తర్వాత వాటి మధ్యన నల్లగా ఇరుకుగా కూర్చునే చైనా అక్షరాలు. తెలియనివి దీపాల గదిలో పనిచేసే బే ముసలాయనను అడిగేది. ఆయన చిన్నతనంలో పాతకాలపు బడిలో చదివినవాడు, గనిలో ఎవరు పోయినా ఎర్రగుడ్డ మీద పేరు రాసేది ఆయనే. ఒకసారి ఆయన వేలితో బొగ్గుపొడిలో గీసి చూపించాడు. 'సా' అనే ఒక్క చప్పుడుకి ఎన్ని అక్షరాలో. నాలుగుకు సా. చావుకు సా. గురువుకు, గుడికి, ఇసుకకు, తలపుకు, చరిత్రకు, అన్నిటికీ సా. చైనావాళ్ల నోట్లో వాటికి వేరు వేరు రాగాలున్నాయట. మనం అక్షరాలు మోసుకొచ్చుకుని, రాగాలు దారిలో పడేసుకున్నాం అన్నాడు. అయితే గుడికీ గురువుకీ జడవనివాళ్లం నాలుగుకే ఎందుకు జడుస్తున్నాం అని దక్‌సిమ్ అడిగింది. గనిలో దిగేవాడికి అన్ని సాలలోనూ ఒకటే వినపడుతుంది అన్నాడాయన.

ఇంత తెలిసీ ఆమె గరిటెలు లెక్కపెట్టడం మానలేదు. తన మొగుడు పోయిన రోజు తాను ఎన్ని వేసిందో ఎంత తలుచుకున్నా ఆమెకు గుర్తు రాదు. అందుకని అప్పటినుంచీ అందరివీ లెక్కపెడుతుంది.

*

బొగ్గు ఏరే కొట్టంలో బెల్టు నడుస్తోంది. బెల్టుకు అటూ ఇటూ ఆడవాళ్లు, తలకూ నోటికీ తువ్వాళ్లు చుట్టుకుని, కళ్లు మాత్రం కనిపిస్తూ. బొగ్గులో కలిసి వచ్చే రాళ్లను ఏరి వెనక్కి విసరాలి. నల్లరాయికీ బొగ్గుకూ రంగులో తేడా ఉండదు. రాయి చేతికి బరువు తగులుతుంది, బొగ్గు తేలిగ్గా వస్తుంది. కొత్తవాళ్లు కళ్లతో వెతికి వేళ్లు నలగ్గొట్టుకుంటారు. పాతవాళ్ల చేతులు వాటంతటవే ఏరుతాయి.

అక్కడున్న వాళ్లందరూ విధవలే, దక్‌సిమ్ కూడా. గనిలో భర్త పోతే భార్యకు, పెళ్లికాని కొడుకు పోతే తల్లికి బెల్టు దగ్గర చోటిస్తారు. ఆ చోటు ఉన్నంతకాలం వరస ఇంట్లో గది ఉంటుంది. చోటు పోతే గది పోతుంది.

మధ్యాహ్నం ముందు బెల్టు మీద బొగ్గు పలచబడింది. తర్వాత ఒట్టి బెల్టు తిరిగింది. ఆ తర్వాత అదీ ఆగింది. ఆ కొట్టంలో బెల్టు ఆగితే తప్ప వినపడని చప్పుడు ఒకటుంది, వెనక వాగు పారే చప్పుడు. అది వినపడగానే ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూడకుండా తువ్వాళ్లు విప్పుకోవడం మొదలుపెట్టారు. సైరను తర్వాత మోగింది.

గని నోటి దగ్గరకు ఆడవాళ్లు పోకూడదు. దుంగలు పేర్చే దొడ్డి దగ్గర తాడు కట్టారు, దానికి ఇవతల నిలబడ్డారు. యన్‌సిల్ గరిటె చేత్తో పట్టుకునే పరిగెత్తి వచ్చింది. అది తన చేతిలో ఉందని చాలాసేపటిదాకా ఆమెకు తెలియలేదు. దక్‌సిమ్ దాన్ని మెల్లగా తీసుకుని తన నడుముగుడ్డలో దోపుకుంది.

అయిదో సొరంగంలో కప్పు కూలిందని కబురు వచ్చింది. లోపల నలుగురున్నారు. పైకి వచ్చినవాళ్లందరూ దీపాలు తగిలించాక కూడా దీపాల గది గోడకు నాలుగు కొక్కేలు ఖాళీగా ఉన్నాయని బే ముసలాయన వచ్చి చెప్పాడు. పేర్లు ఆయన చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

పొద్దు కొండవెనక్కి పోయేవేళ రెండు లారీలు వచ్చాయి. నిండా దుంగలు, కొత్తగా కొట్టిన పైను దుంగలు, జిగురు వాసనతో. కూలీలు వాటిని తాడుకు అవతల నీటుగా పేర్చారు. దక్‌సిమ్ చెయ్యి చాచి ఒకదానికి గోరు పెట్టి చూసింది. గోరు వంగింది గాని దిగలేదు.

మర్నాటికి ముగ్గుర్ని బయటకు తెచ్చారు. మొదట వచ్చినవాడు ఛిల్‌సంగ్, ఒక్కగానొక్క కొడుకు. వాళ్లమ్మ వాడి మొహం కడగనివ్వలేదు, తానే నాలుకతో తడిపిన కొంగుతో కళ్లచుట్టూ తుడిచింది. మన్‌సోక్ అందరికంటే లోపలున్నాడు. బండ ఇంకా కదులుతోంది, ఇంకొకణ్ని పోగొట్టుకోలేం అని ఛో గారు మగవాళ్లతో చెప్పారు. మగవాళ్లు తలలు ఊపారు. వెనక్కి వచ్చినవాళ్లలో మన్‌సోక్‌తో కలిసి దుంగలు మోసే హక్‌సూ కూడా ఉన్నాడు. అతను యన్‌సిల్ నిలబడ్డ పక్కనుంచి కాక, దొడ్డి చుట్టూ తిరిగి వెళ్లిపోయాడు.

శవం లేని మనిషికి ప్రాణాన్నైనా పిలవాలి. యన్‌సిల్ ఇంటికి పోయి భర్త చొక్కా తెచ్చి ఇచ్చింది. బే ముసలాయన తాడు దాటి, గని నోటికి ఎదురుగా నిలబడి, చొక్కా మెడ ఒక చేత్తో అంచు ఒక చేత్తో పట్టుకుని ఊపి మూడుసార్లు పిలిచాడు. మన్‌సోక్, వచ్చెయ్. మన్‌సోక్, వచ్చెయ్. మన్‌సోక్, వచ్చెయ్. ఆ గొంతు లోపలికి పోయింది. యన్‌సిల్ దాని వెనకే వినపడేదేదో ఉందన్నట్టు తల వాల్చి నిలబడింది.

ఎర్రగుడ్డ మీద రాయడానికి పేరు అక్షరాలు కావాలి. మన్ అంటే ఏ మన్, సోక్ అంటే ఏ సోక్ అని బే ముసలాయన అడిగాడు. అదే చప్పుడుకు ఎన్నో ఉంటాయి, తప్పు రాస్తే అవతల వేరే మనిషవుతాడు. యన్‌సిల్‌కు తెలియదు. పదివేల బస్తాల బియ్యం పండించాలని వాళ్ల నాన్న పెట్టాడట, వాళ్లకి చేతెడు పొలం కూడా లేదు అని మాత్రం చెప్పింది.

"అయితే పదివేల మన్, బస్తా సోక్," అన్నాడాయన. సున్నం కలిపిన నీళ్లలో కుంచె ముంచి రాశాడు. బియ్యపు బస్తాకు వాడే ఆ అక్షరం అసలు రాయి అక్షరం. ఆయన ఆ సంగతి అనలేదు. దక్‌సిమ్ చదివింది, ఆమె కూడా అనలేదు.

*

కంపెనీ ఆవరణలో గుడారం వేశారు. నాలుగు ఫొటోలు, నాలుగు ఎర్రగుడ్డలు, ఒకే ధూపం. పెద్ద డేగిసాలో కారం వేసిన గొడ్డుమాంసం చారు ఉడుకుతోంది. బెల్టు దగ్గరి ఆడవాళ్లే గిన్నెలు కడుగుతూ వడ్డిస్తున్నారు.

రెండోనాటి మధ్యాహ్నం ఛిల్‌సంగ్ వాళ్లమ్మ అందర్నీ చుట్టూ కూర్చోబెట్టింది. ఆ లోయలో ఎప్పుడు మనుషులు పోయినా జరిగే పనే అది. ఆ పొద్దున ఏ ఇంట్లో ఏం జరిగిందో ఒక్కొక్కరూ చెప్పాలి. ఎవరికైనా పీడకల వచ్చిందా, వచ్చినా చెప్పకుండా పంపారా. ఎవరైనా ఎదురొచ్చారా. డబ్బా ఏ గుడ్డలో కట్టారు. ఎన్ని గరిటెలు వేశారు. ముసలామె గొంతు పెంచలేదు. ముందు తన సంగతే చెప్పింది: కల లేదు, ఎరుపు గుడ్డ, మూడు గరిటెలు, బంగాళాదుంప ఒకటి. తర్వాత మిగిలిన ఇద్దరు విధవలూ చెప్పారు. మూడు. మూడు.

యన్‌సిల్ వంతు వచ్చేసరికి ఆమె అక్కడ లేదు. ఛో గారు ఆఫీసుకు పిలిపించారు.

ఆమె తిరిగి వచ్చేటప్పటికి ఆడవాళ్లు ఆమె కోసం చోటు వదిలి కూర్చున్నారు. మైల రోజులకు కట్టే నారబట్ట దుస్తులు ఆమెకు వదులు, చేతులు అందులో దాచుకుని కూర్చుంది.

"ఏమే కొత్తకోడలా, నువ్వెన్ని వేశావ్?" అంది ముసలామె.

యన్‌సిల్ ధూపంవైపు చూసింది.

"నాలుగు," అంది.

గిన్నెలు కడుగుతున్న దక్‌సిమ్ చేతులు నీళ్లలోనే ఆగిపోయాయి.

ఎవరూ అరవలేదు. ముసలామె మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, ముందుకీ వెనక్కీ ఊగింది. ఎవరో ఒకామె మెల్లగా, నాలుగు గరిటెలకి నలుగురు మనుషులు, అంది. ఆ మాట గుడారంలోంచి బయటకు పోయి, మగవాళ్లు కూర్చున్న చాపల దాకా పోయి, సాయంత్రంలోపల లోయంతా తిరిగొచ్చింది. రాత్రి వంటకి యన్‌సిల్ గిన్నె అందుకోబోతే ఒకామె ఆ గిన్నె తీసి పక్కన పెట్టింది.

మర్నాడు పొద్దున బెల్టు దగ్గర మేస్త్రీ చెప్పాడు. మూడు చోట్లు కొత్తవాళ్లకు సర్దమన్నారట. మూడేమిటి, పోయింది నలుగురు కదా అని దక్‌సిమ్ అడిగింది. ఆ అమ్మాయి ఇక్కడ నిలబడితే షిఫ్టువాళ్లు గనిలోకి దిగం అంటున్నారు, నన్నేం చెయ్యమంటావ్ అన్నాడు. ఛో గారికి కూడా ఇష్టం లేదట. కానీ మగవాళ్ల మనసులో భయం పెట్టి లోపలికి పంపలేం కదా అన్నారట. నెలాఖరుకి గది ఖాళీ చెయ్యాలి.

రోజంతా దక్‌సిమ్ చేతుల కిందనుంచి రాళ్లు దాటిపోయాయి. పక్కామె రెండుసార్లు మోచేత్తో పొడిచింది. ఆ పిల్ల ఎందుకు అలా అంది? తల తిరిగి అందా? మూడో గరిటె నిండుగా తీసి అదిమిందే, అదే నాలుగుగా కనపడుతోందా ఆమెకి? తన కళ్లారా చూసింది తాను. ఆ కుండలోకి చెయ్యి మళ్లీ పోలేదు. ఈ లోయలో ఒకరి గరిటెలకు ఇంకొకరు సాక్షి ఉండడం ఎన్నడూ లేదు, ఈసారి ఉంది. చెబితే గది నిలుస్తుంది, బెల్టు దగ్గర చోటు నిలుస్తుంది. చెప్పాలి. అందరిముందూ చెప్పాలి.

*

గుడారంలో ఆ సాయంత్రం చివరి భోజనం. ఛో గారు కూడా వచ్చి చాప మీద కూర్చున్నారు. మెత్తటి మనిషి, ఛిల్‌సంగ్ వాళ్లమ్మకు తానే చారు పోసి ఇచ్చారు. షిఫ్టువాళ్లు ఒక వరసలో, ఆడవాళ్లు ఒక వరసలో. యన్‌సిల్ అందరికీ దూరంగా, భర్త ఫొటో పక్కన.

దక్‌సిమ్ వడ్డించే గరిటె డేగిసాలో వదిలేసి మధ్యకు వచ్చింది. ఆమెకు మనుషుల మధ్య నిలబడి మాట్లాడడం అలవాటు లేదు.

"అమ్మా, ఈ పిల్ల నాలుగు వెయ్యలేదు. నేను అక్కడే ఉన్నాను. మూడు. మూడే వేసింది. నేను చాలు అన్నాను, గరిటె కుండమీద పెట్టేసింది."

ఛిల్‌సంగ్ వాళ్లమ్మ గిన్నె కింద పెట్టింది.

"చూశావా?"

"చూశాను."

"మూడే?"

"మూడే."

ముసలామె ఆలోచించింది. ఆమె మొహంలో కోపం లేదు, ఏదో చేతిలోంచి జారిపోయినట్టు తడుముకునే చూపు ఉంది.

"అయితే నా కొడుకుని ఏది చంపింది?"

డేగిసా కింద కట్టెలు చిటపటలాడాయి.

విధవల్లో చిన్నామె, మొదటిరోజు నుంచీ ఆ 'మూడు' తప్ప ఇంకో మాట అననిది, నేలచూపుతో, "కప్పు ఊరికే పడదనేవాడు మా ఆయన. దుంగ నిలబడితే కప్పు నిలబడుతుంది అనేవాడు," అంది.

"ఆ చోట దుంగలు నిలబెట్టిందెవరు?" అని ఇంకెవరో అడిగారు.

జవాబు అందరికీ తెలుసు. తలలు ఒకటొకటిగా ఫొటోవైపు తిరిగాయి, ఆ ఎర్రగుడ్డవైపు, దాని కింద కూర్చున్న యన్‌సిల్ వైపు. ఛో గారు చెంచా గిన్నె అంచుకు ఆనించి పెట్టి, అది విచారణలో తేలుతుందమ్మా, పోయిన మనిషి పనితనం గురించి ఇక్కడ వద్దు, అన్నారు. ఎంతో మర్యాదగా అన్నారు. ఛిల్‌సంగ్ వాళ్లమ్మ చూపు ఫొటో మీదనుంచి కదలలేదు. ఆమె పెదవులు కదలడం మొదలుపెట్టాయి.

దక్‌సిమ్‌కు అప్పుడు తెలిసింది తానేం చేసిందో.

గోరు దిగే దుంగలు అనే మాట ఆమె గొంతుదాకా వచ్చింది. ఎవరిచ్చారు ఆ దుంగలు అని ఆమె అడగాలి. అడిగితే, నీకెలా తెలుసంటారు. ఆడదానికి దుంగల సంగతేమిటంటారు. చూసిన మగవాడు ఒక్కడు అవునంటే చాలు. ఆమె షిఫ్టువాళ్ల వరసవైపు చూసింది. హక్‌సూ గిన్నెలోకి చూస్తున్నాడు. అతని పక్కవాడూ గిన్నెలోకే. ఆ వరసలో ఒక్కొక్క గిన్నెలో ఒక్కొక్క మగవాడు తన పిల్లల మొహాలు చూసుకుంటున్నట్టు కూర్చున్నాడు.

యన్‌సిల్ లేచి నిలబడింది.

"నాలుగే వేశాను. అక్క పొయ్యిలో దిమ్మ మారుస్తోంది, చిల్లులు కలుపుకుంటోంది. ఎలా చూస్తుంది? ఆయనకి ఆకలెక్కువ. చాలవని ఇంకోటి వేశాను. నేను సముద్రం పక్కదాన్ని, నాకివన్నీ నమ్మకం లేదు. నవ్వుకుంటూ వేశాను."

'నవ్వుకుంటూ' అన్న మాటకు ముసలామె తల ఇటు తిరిగింది. ఫొటో మీదనుంచి యన్‌సిల్ మీదకు.

"అక్కా, నువ్వు చూడలేదు కదా?" అంది యన్‌సిల్. అడగడం కాదది, బతిమాలడం.

అందరూ దక్‌సిమ్ వైపు చూశారు. ఛో గారు కూడా.

"ఆ పొద్దున పొయ్యిలోంచి పొగ వస్తోంది," అంది దక్‌సిమ్. "కళ్లు మండుతున్నాయి. సరిగా చూడలేదేమో."

ఛిల్‌సంగ్ వాళ్లమ్మ లేచి వచ్చి యన్‌సిల్ ముందు నిలబడి ఆమెను తిట్టింది. చాలాసేపు, ఊపిరి తీసుకోవడానికి ఆగుతూ, వయసు మళ్లిన గొంతుతో తిట్టింది. యన్‌సిల్ తల వంచుకుని నిలబడి వింది. ఒక్కసారి కూడా ఆమె ఫొటోకీ ముసలామెకీ మధ్యనుంచి పక్కకు జరగలేదు.

*

బస్సు వంతెన దగ్గర ఆగుతుంది. దక్‌సిమ్ మూట మోసుకుని వెంట వచ్చింది. దారిలో ఇళ్ల గుమ్మాల్లో నిలబడ్డ ఆడవాళ్లు వాళ్లు దగ్గరకు రాగానే లోపలికి పోయారు, మగవాళ్లు షిఫ్టుకు వెళ్లేటప్పుడు ఎలా పోతారో అలాగే. ఆ వేళకు షిఫ్టు లేదు.

"ఆఫీసులో ఏమన్నాడు నిన్ను?"

"తిట్టలేదు అక్కా. టీ ఇచ్చారు. కప్పు దానంతటదే కూలిందని రాయొచ్చంట, దుంగలు సరిగ్గా పెట్టలేదని రాయొచ్చంట. గుడారంలో ఆడవాళ్లు ఏమనుకుంటున్నారో దాన్నిబట్టి ఉంటుంది, వాళ్ల మనసు శాంతిస్తే పై విచారణ ఉండదు అన్నారు. అంతే. ఇంకేం అనలేదు."

"పాడు దుంగలని చెప్పకపోయావా?"

"చెప్పాను. ఆయనకి తెలుసు. తెలిసిన మనిషికి ఇంకెన్నిసార్లు చెప్పను?"

వాగు నల్లగా పారుతోంది. యన్‌సిల్ వంతెన కమ్మీ పట్టుకుని, గని ఉన్న కొండవైపు కాక నీళ్లవైపు చూస్తూ మాట్లాడింది.

"ఆయన్ని లోపల వదిలేసి పోతున్నాను అక్కా. తీసుకెళ్లడానికి ఎముక కూడా ఇవ్వలేదు. ముగ్గురు ఆడవాళ్ల ఉసురు కూడా ఆయన మీద వదిలేసి ఎలా పోను? ఏటేటా తద్దినం రోజు ఆ ముసలమ్మ ఆయన పేరెత్తి తిడుతుంటే, ఆయన అక్కడే ఉండి వినాలిగా. గరిటెకి అమ్మా నాన్నా లేరు. దాన్ని తిట్టుకోనీ."

"నిన్ను కదే తిడతారు."

"నేనిక్కడుండను."

బూసాన్‌లో చెప్పుల ఫ్యాక్టరీలో వాళ్ల ఊరి పిల్ల ఎవరో పని చేస్తోందట, అక్కడికి పోతానంది. తద్దినానికి వస్తానంది. కనపడకుండా వచ్చి, దొడ్డి వెనకనుంచి దణ్ణం పెట్టుకుని పోతానంది. బస్సు వచ్చింది. దక్‌సిమ్ మూట పైకి అందించి, కిటికీ పక్కన కూర్చోమని, కడుపులో తిప్పితే అల్లం ముక్క నములుకోమని, దిగాక చిరునామా రాయమని, తనకు చదవడం వచ్చని, మన అక్షరాలైనా చైనా అక్షరాలైనా చదవగలనని, ఏది రాసినా పరవాలేదని, బస్సు కదిలాక కూడా పక్కన నడుస్తూ చెప్పింది.

ఆ తర్వాత ఏడాది తద్దినం నాడు నలుగురికీ కలిపి ఒకే చోట పళ్లేలు పెట్టారు. ఛిల్‌సంగ్ వాళ్లమ్మ కొడుకు ముందు బియ్యపు కల్లు పోసి, మిగిలిన ఇద్దరి ముందూ పోసి, మన్‌సోక్ ముందు కూడా నిండుగా పోసింది. వీడి పాపం ఏముంది, పెళ్లాం రాత అంది. నాచు వాసన తగిలిన ముండ, నా కొడుకుని నవ్వుతూ మింగింది, అంది. దక్‌సిమ్ పళ్లేలు సర్దుతూ వింది. మధ్యాహ్నం బస్సూ సాయంత్రం బస్సూ వచ్చే వేళలకు దొడ్డి వెనక్కి పోయి చూసి వచ్చింది. హక్‌సూ ఆ రోజు తాగి, ఎవరితోనూ మాట్లాడకుండా, కొత్త దుంగల మీద కూర్చున్నాడు.

అయిదో సొరంగాన్ని సిమెంటు గోడ కట్టి మూసేశారు. 1989లో గని మొత్తం మూసేశారు. మన్‌సోక్ 1974 అక్టోబరులో పొద్దుటి షిఫ్టుకు వెళ్లాడు, తిరిగి రాలేదు. యన్‌సిల్ ఆ నెలాఖరుకి వెళ్లింది, ఆమె కూడా తిరిగి రాలేదు.